ఏకాంబరం ముంజేయి

చెమటకి కరువులేని ఊరు కదా అని
మా ప్రొఫెసరు మే నెల ఎంచుకున్నారు.
తెల్లవారుజాము మూడున్నర, కోయంబేడు.
కంబం నుంచి పన్నీరు ద్రాక్ష లారీలు
వెనక్కి వెనక్కి వస్తూ ఈలలేస్తున్నాయి.
నా సంచిలో నలభై పట్టీలు,
ఒక్కోదాని నడుమ ఆవగింజంత నీలిచుక్క.

"రగతం తీస్తారామా?"
చెమట చాలు, అన్నాను.
"అదైతే బిందెడు పట్టుకో, ఊరికే పోతా ఉండాది"
నవ్వి చెయ్యి చాచాడు ఏకాంబరం.
ఇంట్లో తెలుగు, లారీ దగ్గర తమిళం,
లెక్కలు మాత్రం వేళ్ళ కణుపుల భాషలో.

ఆ నీలిచుక్క గురించి ఎలా చెప్పాలో
దారంతా అనుకుంటూ వచ్చాను:
అక్కడొక ఎంజైము కాపలా కూర్చుంటుంది.
పంచదార వచ్చినా పలకదు,
ఉప్పు వచ్చినా ఊఁ అనదు.
గ్లూకోజు గడప తొక్కితే మాత్రం
జేబులోంచి రెండు ఎలక్ట్రాన్లు లాక్కుని
కింద కార్బన్ చేతిలో పెట్టిస్తుంది.
ఆ చిల్లర చప్పుడే కరెంటు.
చీమ దగ్గినంత.

ఇవేం చెప్పలేదు.
"ఒంట్లో షుగరు చూస్తుందయ్యా" అన్నాను.

పన్నెండో పెట్టె మోసేసరికి పట్టీ తడిసింది.
ఫోనులో గీత లేచింది,
లేచింది,
తెర పైఅంచు దాటి పోయింది.
చెమటలో ఇంత ఉండదు.
రక్తంలోనే ఇంతుంటే మనిషి నిలబడలేడు.
ఈయనేమో నెత్తిన ఇరవై కిలోలతో
వళి, వళి అని అరుస్తూ పరిగెడుతున్నాడు.

పక్కకి పిలిచాను.
నా మొహం చూసి ఆయన మొహం మారింది.
"ఏందిమా?"

అప్పుడు చూశాను ఆ చేతిని.
మణికట్టు నుంచి మోచేతి దాకా
చితికిన పళ్ళరసం కారి, ఎండి,
మళ్ళీ కారి, మళ్ళీ ఎండి
ముప్పై ఏళ్ళ ద్రాక్ష.

నవ్వొచ్చింది. సిగ్గేసింది.
మా ఎంజైము పుట్టిల్లు నల్లబూజు.
ఈ మార్కెట్టు వెనక పారబోసిన గుత్తుల మీద
మెత్తగా అల్లుకునే ఆ బూజు జాతే.
ఎక్కడో తొట్టెల్లో పెంచి, వడగట్టి, పొడిచేసి
గోరంత సీసాలో చల్లగా మాకు పంపారు.
పుట్టింటి తిండి తగిలితే
అది మాత్రం ఊరుకుంటుందా!

కొళాయి కింద నేనే కడిగాను, సబ్బు సగం అరిగింది.
"వదల్దుమా. మా ఆవిడ పీచుతో రుద్దినా వదల్దు."
తుడిచి కొత్త పట్టీ వేశాను.
ఈసారి గీత పొయ్యి దగ్గర పిల్లిలా పడుకుంది.
నోటుబుక్కులో పాత అంకె కొట్టేశాను.

ఆయన వేలిముద్ర వేసిన కాగితంలో
నాలుగో లైను ఒకటుంది:
సరిపోల్చడానికి ఒక్క రక్తపు చుక్క.
చదివి వినిపించాను, నోట్లోనే నమిలినట్టు.
"చెమట చాలన్నావే" అన్నాడు.
అని, వేలిచ్చాడు.

మందులషాపులో దొరికే మామూలు స్ట్రిప్పు.
ఐదు. నాలుగు. మూడు.
రెండువందల డెబ్బై ఎనిమిది.

మళ్ళీ కడిగాం. వేరే వేలు. మళ్ళీ సూది.
రెండువందల డెబ్బై ఒకటి.

అరిచినప్పుడు అది ద్రాక్షని చూసి అరిచింది.
ఊరుకున్నప్పుడు ఏం చూసి ఊరుకుందో
ఇంకా తెలీదు నాకు.
పత్రం రాసేటప్పుడు
ఏ పట్టికలో వెయ్యాలి ఈ చేతిని?

"ఇంక ద్రాక్ష తినకూడదా?"
మీరు తింటారా?
"ఛీ. ముప్పై ఏళ్ళుగా ఒక్కటి నోట్లో వేసుకోలా.
వాసనకే కడుపు నిండిపోతాది."

పెట్టె అట్టముక్క చింపి
కీల్పాక్ ఆస్పత్రి, ఓపీ ఎన్నింటికో రాసిచ్చాను.
చెవి మీద బీడీ పక్కన దోపుకుని
ఇంకో లారీ కిందకి వెళ్ళిపోయాడు.
వెళ్తాడో లేదో.

కొట్టేసిన అంకె పక్కన రాశాను:
చెయ్యి కడగలేదు.
అది ఆయన తప్పులా కనిపించింది.
"కడిగించలేదు" అని దిద్దాను.

బస్సులో టికెట్టుకి చిల్లర ఏరుతుంటే
నా వేళ్ళకీ ఊదారంగు.