నలభై ఒకటో నిమిషం

షౌలైలో డిసెంబరు. నాలుగింటికే పొద్దు గూకింది.
మెట్ల మీద ఒక గుడ్డి బల్బు.
మూడో అంతస్తులో, జెనొవైతె ఇంట్లో, అదీ లేదు.
"కూర్చో" అంది. ఎక్కడ కూర్చోవాలో
తడుముకున్నది నేను.
"అయ్యో, నీకు దీపం కావాలి కదూ"
అని నవ్వుతూ లేచింది. స్విచ్చు ఎక్కడుందో
ఆమెకూ వెంటనే గుర్తు రాలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు అంధుల ఫ్యాక్టరీలో
ప్లగ్గు సాకెట్లు బిగించిన వేళ్ళు.
దేశం పేరు మారినా, జీతం నోటు మీది బొమ్మ మారినా
స్క్రూ తిరిగే వైపు మారలేదంటుంది.

పాత కంప్యూటర్లో ఉన్నది అరువు గొంతు.
కొనాలంటే నాలుగు నెలల పెన్షను.
కొనకపోతే నలభై నిమిషాలు చదివిపెట్టి
వాక్యం మధ్యలో, ఒక్కోసారి మాట మధ్యలో,
నోరు మూసుకునేది.
ఆపి మళ్ళీ పెడితే మరో నలభై.
పదకొండేళ్ళుగా ఆమె గడియారం అదే.
అక్కకు ఉత్తరం ఒక నలభై.
బీట్‌రూట్ చారు కాగడానికి కొంచెం తక్కువ.
తమ్ముడు పోయాడని మేనకోడలు రాసిన కబురు
"నిన్న రాత్రి మన" దాకా విని
తక్కినది తెలియడానికి
మెషిను తిరిగి లేచేదాకా కూర్చుంది.

నేను తెచ్చింది గోరంత పెన్‌డ్రైవు.
అందులో ఎవరి సొత్తూ కానిది,
ఏయే దేశాలవాళ్ళో రాత్రుళ్ళు మేలుకుని రాసి
చలివేంద్రంలా పెట్టి వెళ్ళినది.
"నేను చేస్తాను, జరగండి" అన్నాను.
"నువ్వు జరుగు" అంది.
తెర తీగ ఊడదీసి నా చేతిలో పెట్టింది,
పిల్లాడికి బొమ్మ ఇచ్చినట్టు.

చిక్కంతా ఇక్కడే.
తెర చదివే గొంతును ఎక్కించాలంటే
ముందు తెర చదవాలి.
తాళంచెవి లోపల పెట్టి పెట్టెకు తాళం వేసినట్టు.
ముఖం తెలియని మనిషెవరో
ఈ గడప దగ్గర ముందే తచ్చాడి ఉంటారు.
ఒక చిన్న కూత ఉంచి వెళ్ళారు.
అది వినపడగానే ఎస్ నొక్కి, ఎంటర్ నొక్కాలి.
అంతే.

ఫ్యాను తిరిగింది.
కింద వీధిలో మంచు గీకే పార చప్పుడు.
కూత.
ఆమె వేలు నాకంటే ముందే అక్కడుంది.
తర్వాత నిశ్శబ్దం. ఎంతసేపంటే
నేను క్షమాపణకు మాటలు వెతుక్కునేంత.

అప్పుడు రేకు డబ్బాలోంచి ఒక గొంతు,
ఇంగ్లీషులో, భాషల పేర్లు, పక్కన అంకెలు.
ఆమెకు ఇంగ్లీషు రాదు. తన భాష పేరు
పరాయి నోట ఎలా పలుకుతుందో మాత్రం తెలుసు.
సంతలో తప్పిపోయిన పిల్లను వెతుకుతున్నట్టు
ఒక్కో పేరూ వదిలేస్తూ పోయింది.
"ఇదిగో."

డిస్కు మొత్తం తుడిచేయనా అని అడిగింది గొంతు,
ఇప్పుడు లిథువేనియన్‌లో, పడిశం పట్టిన గుమాస్తాలా.
జెనొవైతె ఆగింది.
"ఆ నలభై నిమిషాలవాడు కూడా పోతాడా?"
"పోతాడు."
"పాపం" అంది. నిజంగానే అంది.
అని, నొక్కింది.

లిండెన్ పూల టీ ఎప్పుడో చల్లారింది.
అంతా ఎక్కాక ఆమె తెరిచింది
తేనెటీగల పెంపకం మీద ఒక లావు పుస్తకం.
"మీకు తేనెటీగలున్నాయా?"
"లేవు. పొడుగ్గా ఉందని."

ముప్పై. ముప్పై ఐదు.
ముప్పై తొమ్మిది దగ్గర ఆమె వేళ్ళు
కీల మీంచి వాటంతటవే లేచాయి.
పాలు పొంగే వేళ పొయ్యి దగ్గర నిలబడ్డట్టు
భుజాలు బిగిశాయి.

రాణి ఈగ పాత గూడు విడిచే రోజున
గుంపు ఏ కొమ్మ మీద వాలుతుందో
గొంతు చెప్తూనే ఉంది.

నేను దీపం ఆర్పేసి
గుమ్మం దగ్గర బూట్ల కోసం తడుముకున్నాను.