సిరా కనబడని వేలు

కాశీబుగ్గలో మా గడప దాకా వచ్చింది హైమావతి గారు.
"ఆడదానికి ఆడదే తోడు" అని చెయ్యి పట్టుకుంది.
జీడిసొన తిన్న నా వేళ్ళు చూసి
మెల్లగా వదిలేసింది కూడా.

ఆ మాట తప్పని నేననను.
ఇన్నేళ్ళూ మగాళ్ళే కదా కౌన్సిలర్లు,
ఒక్కడికైనా తట్టిందా
బట్టీ వెనక మాకో మరుగుదొడ్డి కావాలని?
ఆమె పేరు గోడ మీద చూసినప్పుడు
లోపలేదో పొంగింది, అబద్ధమెందుకు.

కానీ ఆ బట్టీ ఆమెదే.
కిలోకి రూపాయి పెంచమని
మేం కూచున్న పదకొండు రోజులూ
గేటుకి తాళం వేయించిందీ ఆమే.
నిండు నెలల తవిటమ్మ ఎండకి సోలిపోతే
నీళ్ళ బిందె మోసుకొచ్చింది దాలినాయుడు.
అతగాడూ దేవుడేం కాదు.
"మీరు కూచోండమ్మా" అంటూ
మైకు మాత్రం తనే పట్టుకుంటాడు.

"ఒలే, ఆడదై పుట్టి మగోడికి గుద్దుతావేటి?"
వరుసలో నా వెనక యారాలు.
"ఆడదాన్నని మర్సిపోనేదే.
ఆడదాన్ని కాబట్టే
తవిటమ్మ గేపకముంది."

లోపల సిరా పెట్టే కుర్రాడు
నా వేలు అటు తిప్పి ఇటు తిప్పి,
ఈ నలుపు మీద గుర్తు ఎక్కడ ఆనుతుందో తెలీక
నా మొహంలోకి చూశాడు.
"ఎక్కడో దగ్గిర ఎట్టు బాబూ,
నానేసినట్టు నాకు తెలిస్తే సాలు."

బయట హైమావతి గారు దండం పెట్టింది.
ఎదురు దండం పెట్టాను.

ఆమె గెలిస్తే
మరుగుదొడ్డి అడుగుతాను.
అతను గెలిస్తే
మైకు.