నాలుగు లక్షల పన్నెండు వేలు

అది ధర కాదు, ఓస్మో.
నా బండి తిరిగిన కిలోమీటర్లు.

నువ్వేమో కొత్త కారు తలుపు తెరిచి పట్టుకున్నావు
పెళ్లివారిని విడిదింట్లోకి పిలిచినట్టు.
లోపల ఇంకా ఎవరూ కూర్చోని వాసన.
మీట నొక్కితే
ఏమీ వినిపించలేదు.
పాడైందేమో అనుకున్నాను.
"నడుస్తూనే ఉంది," అన్నావు నవ్వి.

నేను పియానోలు శ్రుతి చేసే మనిషిని.
కెమియార్వి నుంచి ఇనారి దాకా
బడుల్లో, చర్చిల్లో, మూతపడిన సినిమా హాలులో
తీగలు బిగించడం నా పని.
చప్పుడే లేనిదాన్ని
ఏ చెవితో నమ్మను?

నా పాత వోల్వో అలా కాదు.
తెల్లారగట్ల మైనస్ ముప్పైలో
రాత్రంతా గుంజకి కట్టేసినట్టున్న
హీటరు వైరు ఊడదీసి తాళం తిప్పితే
ముందు దగ్గుతుంది, తర్వాత తిడుతుంది,
ఆ తర్వాతే కదులుతుంది
అచ్చం మా మేనత్త ఐలి లాగే.
వేగం ఎనభై దాటాక ఒక స్వరం పట్టుకుంటుంది.
పదిహేనేళ్లుగా అదే స్వరం.
ఈ ఆకురాలు కాలంలో మాత్రం
వెంట్రుకవాసి దిగింది.

చర్చిలో ఆర్గన్ వాయించే సైమి
పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని విని
"నాకేం తేడా తెలియట్లేదే" అంది.
నాకైతే రాత్రి పక్కమీద కూడా వినిపిస్తోంది.

కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను.
వచ్చే ఏడు ధర తగ్గుతుందంటావొకసారి,
పన్ను పెరుగుతుందంటావింకోసారి.
ఇంకా మంచి బ్యాటరీలొస్తాయి, ఆగు, అంటాడు మా తమ్ముడు తౌనో.
వాడలా ఆగి ఆగి
పద్దెనిమిదేళ్లుగా బస్సుకోసం నిలబడుతున్నాడు.
ఆలస్యం అమృతం విషం, సరే,
తొందరపడి కొన్న అమృతాన్ని
ఐదేళ్ల వాయిదాల్లో తాగాలి కదా.

లెక్కలోకి రానిది ఇంకొకటుంది.
ఎడమ తలుపు మీద సొట్ట.
సోదంక్యులా దాటాక, మంచుపొగలో,
ఒక రెయిన్‌డీర్ వచ్చి తగిలింది.
నేను దిగాను. అది లేచింది.
ఒకరి ఊపిరి ఆవిరిని ఒకరం
కాసేపు చూసుకున్నాం.
తర్వాత అది అడవిలోకి, నేను బండిలోకి.
సీటు ఇంకా వెచ్చగానే ఉంది.
ఆ సొట్టకి, మార్పిడి ధరలో
మూడు వందల యూరోలు కోత అన్నావు.
నీ తప్పేం లేదు.

మంగళవారం తనిఖీకి తీసుకెళ్లాను.
వెయ్కో బండి కిందికి దూరి
చిన్న సుత్తితో తట్టుకుంటూ వచ్చాడు.
అతను నోరు తెరవకముందే నేను విన్నాను,
వెనక కుడి చక్రం దగ్గర
ఇనుము ఇనుములా పలకలేదు.
అట్టపెట్టెలా పలికింది.
"అతుకు వేస్తే వసంతం దాకా," అన్నాడు.
"ఆ తర్వాత?"
చేతులు తుడుచుకున్నాడు.

ఇంటికొస్తూ సల్లా బడిలో పియానో గుర్తొచ్చింది.
మేకుల్ని పట్టి ఉంచే చెక్క చీలిపోయింది దానికి.
ఏటా నేను బిగిస్తాను,
నేను ఇల్లు చేరేలోపే అది జారిపోతుంది.
"కొత్తది కొనమంటారా, ఆగమంటారా?"
ఏటా అడుగుతుంది పంతులమ్మ ఇంకెరి.
ఇంకొక్క ఏడు లాగుతుందిలే, అంటాను ఏటా.
పిల్లలు దానిమీద పేర్లు చెక్కారని అలా అన్నానో,
ఏటా ఒకసారి ఆ దారిన వెళ్లాలని అన్నానో,
ఏడుసార్లన్నాను.
ఆ పిల్లలు ఏడేళ్లుగా
తప్పు స్వరాన్నే స్వరమనుకుని పాడుతున్నారు.

కాబట్టి ఓస్మో,
నీ కాగితాలు పనిముట్ల సంచిలో ఉన్నాయి,
శ్రుతిదండం కింద, మడత నలక్కుండా.
సంతకం చేయలేదు. చింపనూ లేదు.
ఇంకెరికి మాత్రం నిన్ననే ఉత్తరం రాశాను.
కొత్తది కొనెయ్యండి, ఇక ఆగకండి.
వచ్చాక శ్రుతి చేయడానికి నేనే వస్తాను,
ఈ బండిలోనే,
వసంతం లోపు పిలిస్తే.