ఇరుకు మెట్లు

మిర్యాలగూడ, యూనియన్ ఆఫీసు మేడ మీద
కరెంటు పోయింది, కొట్లాట పోలే.
"గెలవనోనికి ఓటెందుకు సార్?
ఎవడొచ్చినా ఒకటో తారీకు నీ పింఛను నీకొస్తది,
కూలేది సైదమ్మ గుడిసె" అన్న.
పురుషోత్తం సారు కండ్లద్దాలు తుడుచుకున్నడు,
ఆ చీకట్ల.
పోరగాళ్ళు చప్పట్లు గూడ కొట్టిన్రు.
గెలిచిననే అనుకున్న.

కింద రైస్‌మిల్లు గేటు కాడ
కొంగుకంటిన ఊక దులుపుకుంట సైదమ్మ:
"పైన నా పేరు ఇనవడ్డది, ఏంది లొల్లి?"
చెప్పిన.
నవ్వలే, తిట్టలే.
సంచులు కుట్టే దబ్బనం కొప్పుల చెక్కుకున్నది.

"రెండుసార్లు కూలింది బిడ్డా.
రెండుపాల్లూ గెలిచేటోనికే ఏసిన.
ఈపాలి నా మనసుకొచ్చినోనికేస్త, ఓడనీ.
నీదేమో స్లాబిల్లాయె.
మాటిమాటికి నా గుడిసెను నెత్తికెత్తుకొని
ఆ మెట్లెక్కకు.
ఇరుకు."