అడుగు

ఆరున్నరకల్లా గంటస్తంభం కింద ఉండమన్నాను.
పదకొండుమంది డబ్బు కట్టారు, తొమ్మిదిమంది వచ్చారు.
ఒకమ్మ ఇంటి దగ్గరే టిఫిను తినీసి వచ్చింది.
"ఏటమ్మా, పెళ్ళికి కూడా భోంచేసే వెళ్తారేటి?"
నవ్వారు. నడక మొదలైపోయింది.

నా పేరు బోని అసిరినాయుడు.
ముప్పై ఒక్క ఏళ్ళు ఈ వీధుల్లో కరెంటు మీటర్లు చూశాను.
తలుపు తట్టక ముందే పోపు చెప్పేది
లోపల మనుషులున్నారో లేరో.
ఇంగువైతే ఎవరు,
ఎండు నెత్తళ్ళైతే ఎవరు,
నెలాఖరున వట్టి చింతపండు చారైతే ఎవరెవరు,
ఆ లెక్క ఏ పుస్తకంలోనూ రాయలేదు.

కోట గోడ వారన దిబ్బరొట్టి.
కింద నిప్పులు, మూత మీద నిప్పులు.
"మూత తియ్యమని అడక్కండి.
సూరమ్మప్పకి తెలుసు ఎప్పుడు తియ్యాలో.
అడిగితే మాత్రం ఇంకో ఐదు నిమిషాలు తియ్యదు."

ఉల్లివీధి చివర చోడంబలి బండి.
బస్తాలు దింపిన కళాసీలు నిలబడి తాగుతున్నారు,
ఓ గుక్క అంబలి, ఓ ఉల్లిపాయ కొరుకుడు.
"వాళ్ళకి అడ్డం నిలబడకండి బాబూ.
మీకిది రుచి.
వాళ్ళకిది మధ్యాహ్నం దాకా."
ఫోను పైకెత్తినాయన దించేశాడు.

మూడు లాంతర్ల దగ్గర జీళ్ళు లాగే కుర్రాడు.
గోడమేకుకి నల్లటి బెల్లం పాకం తగిలించి
లాగుతాడు, మడుస్తాడు, మళ్ళీ లాగుతాడు,
అది తెల్లబడే దాకా.
రంగేటి వేశావని అడిగారు.
చేతులు చూపించాడు.

టికెట్టు మీద రాయని మాట ఒకటుంది.
నాకు వాసన తెలీదు.
రెండేళ్ళ కిందట జ్వరం వచ్చింది, తగ్గింది,
పోతూ పోతూ ముక్కులోంచి ఊరిని పట్టుకుపోయింది.
ఇప్పుడు మీ మొహాలు చూసి చెప్తాను.
పాత మీటర్లో ఎర్రగీత చక్రం తిరిగినట్టు
నోట్లో ఏది ఎంత ఖర్చవుతోందో
కనుబొమల్లో కనపడిపోతుంది.
అలవాటైన పని. ఎవరూ కనిపెట్టలేదు.

లంకవీధి మలుపులో
మౌక్తిక అని తొమ్మిదేళ్ళ గుంట ఆగిపోయింది.
"తాతా, వాసన."
"అవునమ్మా," అనేశాను, "కమ్మటి నెయ్యి."
"నెయ్యి కాదు తాతా. మాడు."

తొమ్మిది ముక్కులూ అటు తిరిగాయి,
పద్దెనిమిది కళ్ళు నా వైపు.
పిల్ల అప్పటికే పరుగెత్తుతోంది.
ఈ వీధుల్లో మొదటిసారి
నేను ఒకరి వెనకాల నడిచాను.
నీలం గేటు, స్తంభం నుంచి నాలుగో ఇల్లు.
ముక్కు పోయింది కాని మీటరు గుర్తుంది.
"డోల రత్నాలమ్మగారో! పొయ్యి! పొయ్యి!"

డాబా మీంచి తొంగి చూసింది,
రెండు చేతులా వడియాల పిండి.
"ఆదివారం కూడా మీటరేటి నాయుడూ?"
ఆ తరవాత కెవ్వున ఒక కేక,
మెట్ల మీద ధనధనా కాళ్ళు.

కోవాకని పెట్టిన మూడు లీటర్ల పాలు
అడుగంటిపోయాయి.
తిట్టుకుంది, పొయ్యిని, పాలవాడిని, నన్ను.
తిట్టుకుంటూనే అట్లకాడతో గోకి
తలో అరచేతిలో గోధుమరంగు పెచ్చు పెట్టింది.
పంచదార జల్లింది. నా చేతిలోనూ పెట్టింది.
నా జాబితాలో ఈ మజిలీ లేదు.

నోట్లో వేసుకున్నాను.
తీపి తెలిసింది, దానికి ముక్కుతో పనిలేదు.
తరవాత చాలాసేపటికి
నాలిక వెనకాల సన్నగా
ఒక చేదు.

"పొగ వాసన వచ్చిందా తాతా?"
"లేదే. చేదొచ్చింది."
గుంట కాసేపు ఆలోచించింది.
"అయితే పక్కింటి దాకా వచ్చావు."

టిఫిను తిని వచ్చినమ్మ
గిన్నె ఒళ్ళో పెట్టుకుని
ఇంకా గోకుతూనే ఉంది.