బాయి పని

మా దిక్కు బొగ్గు గనిని బాయి అంటం.
నీళ్ళు చేదుకునేదాన్ని కూడ బాయే అంటం.
ఎందుకట్ల అని చిన్నప్పుడు ఎవ్వరినీ అడగలే.
నాయిన ఒక బాయిల నుంచి నల్లగ ఎక్కి వచ్చేటోడు,
అవ్వ ఇంకో బాయిల నుంచి బిందె చేదేది,
రెండు గిలకలూ ఒక్క తీరుగనే కిర్రుమనేటివి.

ఇప్పుడు నేను సొహార్ నుంచి గంటన్నర లోపలికి,
ఎండిన వాది ఒడ్డుకు,
రాగి తవ్వుడు బందైన బాయి కాడ ఉన్న.
తవ్వినోళ్ళు గేటుకు తాళమేసి పోయిన్రు.
గుట్ట తాళానికి చిక్కలే.
రాగి పిండుకున్నంక మిగిలిన పిప్పి అది,
పసుపు, నీలం, తుప్పు,
ఏడాదికి వాన పడే ఆ రెండు దినాలు
కిందికి కారేది
రాళ్ళ సందులల్లకు, ఖర్జూర తోటల దిక్కు.

దాద్‌బక్ష్ డోజర్ నడుపుతడు. బలూచి మనిషి, మాట తక్కువ.
నల్ల ప్లాస్టిక్ పరిచినం, మీద కంకర, మీద మన్ను.
గాలికి లేచిన కాడ మల్ల పరిచినం.
ఆగస్టుల ఆ ప్లాస్టిక్ మీద నిలవడితె
బూటు అడుగు జిగటగ లేస్తది.
మన్ను మీద ఘాఫ్ మొక్కలు నాలుగు వందలు పెడితె
మేకలు నూట ముప్పై తిన్నయి.
మిగిలినయాటిని లెక్కవెట్టుడు కూడ నా పనే.

బొగ్గు తీసిన జాగల గోదారి ఇసుక నింపేటోళ్ళమని
నాయిన చెప్పేటోడు.
"తీసినోడే నింపాలె, లేకుంటె పైకప్పు ఊకోదురా."
ఓపెన్ కాస్ట్ వచ్చినంక పైకప్పే లేదు,
నింపుడు ఎవ్వరికీ యాదికి రాలే.
అవ్వ బాయి ఎనుక మట్టిగుట్ట లేచింది.
ఒక ఎండకాలం నీళ్ళు దిగినయి.
చేంతాడుకు ఇంకో చేంతాడు ముడేసింది అవ్వ.
మూడోది ముడెయ్యలే.

ఈడ పధ్నాలుగు గొట్టాలు భూమిల దించిన్రు.
ఆదివారం ఆదివారం తాడు కట్టి సీసా వదులుత,
మీటరు ముంచి అంకె రాస్త.
కాగితం మీద ఆరో నంబరు గొట్టం,
నా నోట్ల ఆరో ఇంక్లైను.
తొమ్మిది వేల ఆరు వందలు.
చూస్తె అద్దమోలె ఉంటది, ఉప్పు కనవడదు.

ఖల్ఫాన్ తాత ఫలజ్ పెద్దమనిషి.
ఎవల తోటకు ఎంత సేపు నీళ్ళు మళ్ళాలెనో
కట్టె పాతి, నీడ కొలిచి చెప్పేటోడట.
ఇప్పటికీ పొద్దుగాల వచ్చి కొలుస్తడు.
కాల్వల నీడ తప్ప ఏం పారదు.
నా మీటరును ఆయన లెక్క చెయ్యడు.
సీసా గుంజుకుంటడు, ఒక గుక్క పోసుకుంటడు,
నాలికె మీద తిప్పి
నా బూటు పక్కన ఉమ్ముతడు.
మూడేండ్ల సంది అదే రిపోర్టు.

మొన్న ఫిబ్రవరిల ఆరో ఇంక్లైను
ఎనిమిది వేల తొమ్మిది వందలు చూపింది.
మీటరు ఖరాబైందేమో, మల్ల ముంచు అన్నడు సూపర్‌వైజర్.
ముంచిన. మల్ల ముంచిన.
కొత్త బ్యాటరీ ఏసి ముంచిన.

ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది.
ఎనుక క్యాన్ల బండి హారన్ ఇనవడుతుంది,
ఇరవై లీటర్లు, చిల్లర లేదని ఆమె లొల్లి.
"ఆడ ఏం పని రా ఓదెలూ, ఇన్నేండ్ల సంది చెప్పవు?"
"బాయి పని" అన్న.
"బొగ్గా?"
గిన్నె కడుగుకుంట ఊకున్న.
"కాదక్కా, రెండోది."
ఆమెకు సమజ్ కాలే. చిల్లర దొరికినట్టుంది, పెట్టేసింది.

తెల్లారి ఖల్ఫాన్ తాత వచ్చిండు.
సీసా ఎత్తిండు, గుక్క పోసుకున్నడు.
దాద్‌బక్ష్ డోజర్ బంద్ చేసిండు.
తాత గుట్ట దిక్కు చూసిండు,
మేకలు తినంగ మిగిలిన మొక్కల దిక్కు చూసిండు.
ఉమ్మలే.
మింగనూ లేదు.
బుగ్గలు ఉబ్బించుకొని అట్లనే నిలవడ్డడు,
నేను పెన్ను మూత తీసి
ఏం రాయాలెనో తెల్వక నిలవడ్డ.