ఏడు నిమిషాలు

మన ఇద్దరి మధ్య ఏడు నిమిషాలు.
ఒంగోలు పెద్దాసుపత్రి కాగితంలో రాసుంది.
ఆ ఏడు నిమిషాలకే నువ్వు అక్కవి, వెంగమ్మా.
మొదటి దోసె నీది, వేన్నీళ్ళ మొదటి చెంబు నీది,
బస్సులో కిటికీ పక్క సీటు నీది.
ఏడిస్తే, "ముందు పుట్టకపోయావా" అనేదానివి.

ముప్పై ఒకటో పుట్టినరోజున ఓడెక్కావు.
వెలుతురు నూరడుగులేస్తే తొంభై ఐదడుగులేసే ఓడ.
నేను చీమకుర్తిలోనే ఉండా,
పాలిషింగ్ షెడ్డులో, చీలమండల దాకా బూడిద నీళ్ళలో.
నల్లరాతిలో బంగారు చుక్కలు తేలేదాకా రుద్దడం నా పని.
బేరగాళ్ళు దాన్ని గెలాక్సీ అంటారు,
అడుగుల లెక్కన కొంటారు.

పుట్టినరోజుకో ఉత్తరం పంపుతానన్నావు. పంపావు.
మొదటిది నాకు అందేసరికి ఆరేళ్ళ మూణ్ణెల్లు.
"అప్పుడే ఏడాదైపోయింది మస్తానూ!" అని అందులో.
చివర్లో: "కర్రోడు ఎట్టా ఉండాడు?
సైరను మోగితే ఇంకా మంచం కిందే దూరతా ఉండాడా?"

కర్రోడు మూడో ఏటే పోయాడు.
ఆ రోజే నీకు కబురు పంపా.
ఆ కబురు నీ వెనకాల పరిగెత్తతానే ఉంది కాబోలు,
పన్నెండో ఏట రెండో ఉత్తరం: "కర్రోడు ఎట్టా ఉండాడు?"
పంతొమ్మిదో ఏటికి మూడోది. అదే ప్రశ్న.
ఇరవై ఐదు. ముప్పై ఒకటి. ముప్పై ఏడున్నర.
పాతిపెట్టిన చోట క్వారీ వాళ్ళు తవ్వుకుంటా పోయారు.
కొండ గుంతైంది, గుంతలో నీలం నీళ్ళు నిలిచాయి.
నువ్వు మాత్రం అడగతానే ఉండావు,
వాడు తోకాడిస్తా గుమ్మంలో ఉన్నట్టే.

హైస్కూలు సైన్సు పంతులు హజరత్తయ్య
షెడ్డు గోడ మీద సుద్దముక్కతో గీసి చెప్పాడు,
పరిగెత్తేవాళ్ళ గడియారం నెమ్మదిస్తుందని.
సరేనయ్యా, నేనెక్కడికీ పరిగెత్తలేదు గదా,
నాదెందుకు ఇంత తొందరపడిందంటే
నవ్వి, చేతులు దులుపుకున్నాడు.
గోడ మీద బొమ్మ మాత్రం చాన్నాళ్ళుంది.
రాతి తడికి కరిగిపోయింది.

ఆ తర్వాత ఏమైందో,
ఉత్తరాలు రెండు నెలలకొకటి దిగబడ్డాయి.
మొదట్లో భయమేసింది, నీకేమన్నా అయిందేమోనని.
"ఓడ మళ్ళింది లేవమ్మా" అన్నాడు పంతులు.
ఏడో ఉత్తరం రెండుసార్లు చదివా.
అందులో కర్రోడి మాట లేదు.
అప్పుడు తెలిసింది, నా కబురు నీకు అందిందని.
నీకది నిన్నమొన్నటి చావు.
ముప్పై నాలుగేళ్ళ పాత ఏడుపు
నీ కోసం మళ్ళీ ఏడవాల్సొచ్చింది.

ఆఖరిది, పన్నెండోది, నీ చేతిలోనే వచ్చింది.
నీ పుట్టినరోజున దిగావు. నలభై మూడు.
నాకు అరవై తొమ్మిది నిండి
ఐదు నెలలు కావస్తా ఉంది.
కవలలం, ఇక పుట్టినరోజు కూడా వేరేవేరే.

బస్టాండులో టీ కొట్టు పిల్ల అడిగింది:
"కూతురా అమ్మా? మీ ముక్కే వచ్చింది."
"మా అక్క" అన్నా.
మతిపోయిన ముసలిదని జాలిపడి
బిస్కెట్టుకి డబ్బులు తీసుకోలేదు.
నువ్వు తలొంచుకుని టీ తాగావు.
నీ చేతి మీద మనం ఇద్దరం కాల్చుకున్న మచ్చ
ఇంకా ఎర్రగానే ఉంది. నాది యాడుందో నాకే తెలీదు.

షెడ్డులో పలక తిప్పి చూపించా.
"అక్కడ ఇట్టా ఉండదే" అన్నావు, వేలితో చుక్కలు తడుముతా.
"చుక్కలన్నీ ముందుకే వచ్చి పోగయ్యేవి, మస్తానూ.
వెనక్కి తిరిగి చూస్తే ఏమీ లేదు."
నేను మాట్లాడలేదు. దగ్గొచ్చింది.
నా వీపు మీద నీ చెయ్యి,
అమ్మాయి చెయ్యి.

సాయంత్రం వేన్నీళ్ళు కాగాయి.
బకెట్టు ముందు నిలబడి నువ్వన్నావు,
నెమ్మదిగా, మర్యాదగా:
"నువ్వే ముందు పోసుకో. పెద్దదానివి."

ఆ మాటకి కోపమొచ్చింది.
ముప్పై ఎనిమిదేళ్ళలో నీ మీద అంత కోపం రాలేదు.
చెంబు నీ చేతిలో పెట్టి తలుపేసి
బయట మిగులు రాతి ముక్క మీద కూచున్నా.
లోపల నీళ్ళ చప్పుడు.
గడియారం చూసుకుంటా,
ఏడు నిమిషాలు.